ముప్పై ఒకటో ముక్కు ఎందుకు ఏడవలేదు

ఎండల 112వ రోజు, మొదటి షిఫ్టు

లోబాయి నాలుగో గల్లీలో పద్నాలుగు మందిని చంపినవాడు సూపరింటెండెంట్ వామనరావు.

ఈ వాక్యం ముందు రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను. జాడ పుస్తకంలో మొదటి వాక్యం కళ్ళతో చూసిన సంగతే అయి ఉండాలని ఓదెలు మామ నేర్పాడు. ఇది నేను చూడలేదు. అయినా కొట్టెయ్యను. మా పుస్తకంలో ఏది కొట్టేసినా ఒక్క గీతతోనే కొట్టాలి, కింద ఏముందో ఎవరైనా చదవగలగాలి. వామనరావు మనుషులు చదివితే చదవనీ.

మొన్న మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగినవాళ్ళు తిని కునుకు తీస్తున్న వేళ, నాలుగో గల్లీ వెనక గోడ పగిలి చచ్చుగాలి లోపలికి వచ్చింది. బొగ్గు తవ్వేసి, గోడ కట్టి మూసేసిన పాత ఖాళీల్లో తాతల కాలం నుంచి మగ్గిన గాలి అది. రంగు లేదు, వాసన లేదు, మండదు. నేల పట్టుకుని నడుస్తుంది. చాపల మీద పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉండిపోయారు. మంచాలున్న రెండిళ్ళలో ఇద్దరు బతికారు. చాప మీద పడుకోవడమే నేరమైంది.

ప్రతి గల్లీలోనూ, మనుషులు మసలే ప్రతి చోటా గోడకు మోకాలెత్తున ఒక ఇత్తడి డబ్బా ఉంటుంది. ముక్కు అంటాం. గాలి చెడితే ముక్కు, బాయినంతా నడిపే కంప్యూటరుకు, మేం గింజ అనేదానికి, చెబుతుంది. గింజ సైరన్ మోగిస్తుంది, ఫ్యాన్లు తిప్పుతుంది, తలుపులు తెరుస్తుంది. పైన ఎండ తగ్గే దాకా ఈ బొగ్గుబాయిలో బతికే రెండు వేల మందికి పంపు, లైటు, లిఫ్టు, ఊపిరి అన్నీ గింజ మాట మీదే. ఏ యంత్రమైనా గింజను అడగాలి, గింజ బదులివ్వాలి. ఆ అడుగుకూ ఆ బదులుకూ మధ్య కొక్కెం వేసి, ఎవరు ఏమడిగారో గింజ ఏమన్నదో చూసి రాయడం మా పని. మమ్మల్ని జాడగాళ్ళంటారు. ఉన్నది ఇద్దరమే, ఓదెలు మామ, నేను. నా పేరు నర్మద.

నాలుగో గల్లీది ముప్పై ఒకటో ముక్కు. అది ఏడవలేదు.

ఈ పొద్దున క్యాంటీన్ గోడకు ఉత్తర్వు అంటించారు. జాడ కొక్కేలు ప్రమాదకరమని, 119వ రోజు పొద్దున ఆరు గంటల సైరన్‌తో జాడ గది మూసేస్తారని, బదులు మార్చే కొక్కెం ఒక్కటి మాత్రం అత్యవసరాల కోసం సూపరింటెండెంట్ ఆఫీసులో ఉంటుందని అందులో ఉంది. పద్నాలుగు శవాలను లిఫ్టులో పైకి పంపి ఇంకా రెండు రోజులు కాలేదు. చూసే కళ్ళు పొడిచేసి దానికి భద్రత అని పేరు పెట్టారు. ఆ కాగితం చింపబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"చింపితే ఏమొస్తదే పోరీ. చదువు. రెండుసార్లు చదువు."

రెండుసార్లు చదివాను. కోపం రెండింతలైంది.

113వ రోజు, మొదటి షిఫ్టు

గట్టవ్వ వచ్చింది. క్యాంటీన్‌లో రొట్టెలు చేసే మనిషి. మొన్న ఆ వేళకు డ్యూటీలో ఉండబట్టి బతికింది. కూతురు శైలజ, అల్లుడు పోయారు. శైలజకు ఆరో నెల.

"కూసో అవ్వా" అన్నాను.

"కూసునేటందుకు రాలే." జాడ గది గడప దగ్గరే నిలబడింది. "నేను మిరపకాయలు ఏపితే మా ముక్కు ఏడుస్తుండె. మూడిండ్ల అవతల ఎవలన్న పోపు పెట్టినా ఏడుస్తుండె. నా బిడ్డ పానం పోతాంటే ఎందుకు ఏడ్వలే? గది చెప్పుండ్రి."

నిజమే. ఎండు మిరపకాయల పొగ దగ్గరగా పెడితే ఏ ముక్కైనా ఏడుస్తుంది. ముప్పై ఒకటో ముక్కు పాతబడి, పొగ గల్లీ చివర లేచినా గోలపెట్టేది. ఈ ఎండల్లోనే పదకొండుసార్లు గల్లీ అంతా పిల్లలనెత్తుకుని మెట్లెక్కింది. "గట్టవ్వ పోపు పెట్టింది, ఉరుకుండ్రి" అని లోబాయి అంతా నవ్వుకునేది. కొత్త ముక్కు కావాలని మామ నాలుగు కాగితాలు పెట్టాడు. నాలుగింటి మీదా వామనరావు ఒకటే రాశాడు, స్టాకు లేదని.

"మీరేమన్న జోకొట్టిన్రా దాన్ని?" అంది గట్టవ్వ.

నాకు ఒళ్ళు మండింది. మా దగ్గర రెండు రకాల కొక్కేలున్నాయి. చూపు కొక్కెం వింటుంది, రాస్తుంది, అంతే. జోల కొక్కెం గింజ బదులునే మార్చేస్తుంది. ముక్కు గాలి చెడిందన్నా, బాగుందనే పైకి చెప్పిస్తుంది. మరమ్మతు చేసేటప్పుడు సైరన్ ఊరికే మోగకుండా గంటో రెండు గంటలో వేస్తాం. దాన్నే జోకొట్టడం అంటాం. జోకొట్టిన జాడగాడు మణికట్టుకు నల్లదారం కట్టుకుంటాడు. మళ్ళీ లేపాకనే విప్పుతాడు. దారం ఉండగా అతను నిద్రపోకూడదు, పైకి వెళ్ళకూడదు. ఆ దారాన్ని ఇంకొకరు ముట్టకూడదు. అది లోబాయిలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

"జోకొడితే దారముంటది కదా అవ్వా" అని రెండు చేతులూ చాపి చూపించాను.

"ఓదెలు చెయ్యి సుత చూడనియ్."

మామ చొక్కా చెయ్యి పైకి లాగాడు. జ్వరం పడి లేచిన మనిషి, మణికట్టు ఎముకే మిగిలింది. గట్టవ్వ చాలాసేపు చూసింది.

"ఎన్ని దారాలుండె నీ చేతికి. మల్లన్న దారం, మీ ఇంటామె పొయ్యేటప్పుడు కట్టిన దారం. ఏమైనయ్?"

"దవాఖానల తీసేసిన్రు."

దవాఖాన వాళ్ళు కాదు, తీసింది నేను. 96వ రోజు మామకు ఒళ్ళు కాలిపోతోంది, మాట లేదు. సూది గుచ్చడానికి నర్సు ఆ దారాల గుత్తిని పైకి జరుపుతోంది, అది మళ్ళీ కిందికి జారుతోంది. నేనే కత్తెర అడిగి మొత్తం కోసి చెత్తబుట్టలో పడేశాను. మా నాన్న రేకుపెట్టె నిండా వదిలిపోయిన కరపత్రాల్లో ఒకటి ఈ తాయెత్తుల గురించే. దాన్ని నేను పదో తరగతి పుస్తకాల కన్నా ఎక్కువసార్లు చదివాను. పనిచేసే చేతికి సంకెళ్ళెందుకని అందులో ఉంటుంది. కోసినందుకు నాకేమీ సిగ్గు లేదు. మామ బాధపడతాడని చెప్పలేదు, అంతే.

గట్టవ్వ వెళ్తూ వెళ్తూ అంది, "దారం లేదంటే మీరు కాదన్నట్టు. మరి ఎవలు?"

ఎవరో నాకు తెలుసు. చూపిస్తాను.

114వ రోజు, రెండో షిఫ్టు

వామనరావు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"నాలుగు కాగితాలు పెట్టాం సార్. ఒక్క ముక్కు ఇవ్వలేదు."

"స్టాకు లేదని రాశాను కదమ్మాయ్. లేనిది ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్?"

"మీ వరండాలో రెండున్నాయి. ఒకటి ఇంకా మెరుస్తోంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాను. మెల్లగానే మాట్లాడాడు.

"ఒక్క మాట చెప్పు. మీ దగ్గర చూసే కొక్కెం ఒక్కటే ఉంటే నేను అడ్డం చెప్పేవాణ్ణి కాదు. గింజ నోట్లో మాట మార్చే కొక్కెం కూడా మీ ఇద్దరి చేతుల్లోనే ఉంది. దానికి కాపలా ఏంటి? ఒక దారం. రెండు వేల మంది ఊపిరి ఒక నల్లదారం మీద వేలాడుతోంది. నువ్వు చదువుకున్నదానివి, ఇది బాగుందా?"

ఆ మాటలో నిజముంది. అది రాయకుండా ఉండలేను. అయినా అడిగాను.

"అంత చెడ్డదైతే మీ ఆఫీసులో ఎందుకు ఉంచుకుంటున్నారు?"

"ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా."

"ఎందుకుండాలి?"

"అత్యవసరం అనేది ఒకటుంటుంది అమ్మాయ్. పెద్దయ్యాక తెలుస్తుంది."

బయటికి వచ్చాక వరండాలో ఆ కొత్త ముక్కు ముందు నిలబడ్డాను. దాన్ని ఊడబెరికి తీసుకుపోదామని చెయ్యి వేశాను. నాలుగు మేకులు. గోళ్ళు విరిగాయి.

115వ రోజు, మొదటి షిఫ్టు

కొక్కెం ఎవరి తాళంతో వేస్తే వాళ్ళ పేరు గింజలో పడుతుంది; ఎవరు ఏ కొక్కెం ఎప్పుడు వేశారో అడిగితే జాబితా చెబుతుంది. ఎవరూ అడగరు. ఇంకొక జాడగాడి కొక్కేలు లెక్కపెట్టడం అంటే అతని చేతి దారాన్ని నమ్మలేదని మొహం మీద చెప్పడం. మామ ముప్పై ఏళ్ళ పనిలో ఒక్కసారీ అడగలేదట. అదేదో గొప్ప అన్నట్టు చెప్పేవాడు. నేనూ గొప్పే అనుకున్నాను.

మామ సూది వేయించుకోవడానికి దవాఖానకు వెళ్ళాడు. ముప్పై ఒకటో ముక్కును వామనరావు ఆఫీసు తాళంతోనే జోకొట్టి ఉంటారు, ఆ వరస ఒక్కటి దొరికితే చాలు, అచ్చు తీసి గోడ గోడకూ అంటిస్తాననుకుని జాబితా అడిగాను.

ఒకే ఒక్క వరస వచ్చింది.

ముక్కు 31. జోల కొక్కెం. ఇచ్చే బదులు: గాలి బాగుంది. వేసిన రోజు 95, రెండో షిఫ్టు. వేసిన తాళం: ఓదెలు. తీసిన రోజు దగ్గర ఖాళీ.

ఖాళీ అంటే ఇంకా ఉంది. ఇవాళ కూడా, నేను ఇది రాస్తుండగా కూడా, మనుషులు లేని ఆ గల్లీలో గాలి బాగుందనే చెబుతోంది.

95వ రోజు మామ జోకొట్టాడు. చేతికి దారం కట్టుకున్నాడు. తెల్లారి జ్వరం. బొగ్గుపొడికి మల్లన్న పసుపు దారమూ నల్లగానే ఉంది, అత్తమ్మ కట్టిన ఎర్రదారమూ నల్లగానే ఉంది. ఆ గుత్తిలో ఇంకొక నల్లదారం ఉందని నేను చూడలేదు. చూడాలని అనుకోలేదు.

కత్తెర నాది.

పెన్ను కింద పెట్టి మళ్ళీ తీశాను. ఇప్పుడు రాయబోయేది రాయకూడదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పుస్తకం అందుకే ఉంది.

ఇది బయటపడితే జాడ గదిని ఎవరూ కాపాడలేరు. వామనరావు చెప్పిందే నిజమవుతుంది. మామను బతకనివ్వరు. నాలుగు కాగితాలు, వరండాలో రెండు ముక్కులు, అన్నీ కొట్టుకుపోతాయి. అసలు దోషి వామనరావే అయినప్పుడు దానికి ఒక వరస అడ్డమెందుకు? జాబితా కూడా గింజ ఇచ్చే బదులే కదా. బదులును మార్చే కొక్కెం నా చేతిలోనే ఉంది.

జాబితా మీద జోల కొక్కెం వేశాను. ఇప్పుడు అడిగితే ముక్కు 31 పక్కన తాళం దగ్గర సూపరింటెండెంట్ ఆఫీసు అని వస్తుంది. రేపు గల్లీ పెద్దలను పిలిచి చూపిస్తాను.

చేతులు వాటంతటవే సొరుగు తెరిచి నల్లదారం తీసి నా మణికట్టుకు కట్టాయి. మూడేళ్ళ అలవాటు.

116వ రోజు, మొదటి షిఫ్టు ముగిశాక

క్యాంటీన్‌లో పళ్ళెం చాపాను. గట్టవ్వ రెండు రొట్టెలు వేసి, మూడోది వేయబోయి ఆగింది. నా మణికట్టు చూస్తోంది.

"ఎవల్ని జోకొడుతున్నవ్ బిడ్డా?"

 వెనక వరసలో ఎవరో "జల్దీ కానియ్ అవ్వా" అన్నారు. ఆమె కదల్లేదు.

"మరమ్మతు ఏం నడుస్తలేదు కదా. ఏ ముక్కును?"

"ముక్కును కాదు."

"మరి?" ఆమె నా మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "నన్నా?"

పళ్ళెం అక్కడే పెట్టేశాను. జాడ గదికి నడిచి వచ్చి, మొదట జాబితా మీది కొక్కెం తీసి, దారం విప్పాను. తర్వాత ముప్పై ఒకటో ముక్కు మీది కొక్కెం తీశాను. తీసిన క్షణంలో నాలుగో గల్లీలో సైరన్ మొదలైంది. తలుపులు తెరుచుకున్నాయి, ఫ్యాన్లు తిరిగాయి. లోబాయి అంతా పరుగెత్తుతున్న చప్పుడు. ఆ గల్లీలో ఖాళీ చాపలు తప్ప ఎవరూ లేరు. ఆరు రోజులు ఆలస్యంగా ఏడుస్తోంది ముక్కు. ఎంతసేపు ఏడ్చిందో పుస్తకంలో రాయాలి, నలభై నిమిషాలు.

మామ పరుగున వచ్చి గడప పట్టుకుని ఆయాసపడ్డాడు.

"ఏం చేసినవే?"

"లేపిన మామా. నువ్వు 95 నాడు జోకొట్టినవ్. లేపలే."

"లేపిన." మణికట్టు చూసుకున్నాడు. "దారం లేదు కదా. లేపిననే."

"దారం నేను కోసిన. దవాఖానల. అన్నిటితోటి కలిపి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.  సైరన్ ఆగాక మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు, నాకు కాదు, తన చేతికి చెబుతున్నట్టు.

"ఆ నాడు పదకొండోసారి గల్లీ ఖాళీ చేసిన్రు. శైలజ మెట్ల మీద జారింది. కడుపుతోటి ఉన్న పిల్ల, మెట్ల మీద కూసోని ఏడుస్తాంది. సారు దగ్గరికి పోయిన. ఏదో ఒకటి చెయ్యి ఓదెలూ అన్నడు. కాగితం మీద రాసియ్యుండ్రి అంటే, అన్నీ రాయాల్నా అన్నడు. ఒక్క షిఫ్టే అనుకున్న. పిల్ల జర పండుకుంటది అనుకున్న. తెల్లారి ఏమైందో యాదికి లేదు. లేచేసరికి చెయ్యి బోసిగ ఉంది. గుడి దారాలు నర్సమ్మ తీసింది కావచ్చు, నల్లదారం ఎవలూ ముట్టరు కదా, నేనే లేపి ఇప్పిన అనుకున్న."

"ఎవలూ ముట్టరు" అన్నాను నేను కూడా. 

"నువ్వు కోసింది దారం" అన్నాడు మామ. "జోల పాడింది నేను. రెండూ కలిపి లెక్క వెయ్యకు."

నేను కలిపే వేశాను.

117వ రోజు, రెండో షిఫ్టు

క్యాంటీన్‌లో అందరి ముందు చెప్పాం. మామ తనది చెప్పాడు, నేను నాది చెప్పాను, జాబితాను మార్చిన సంగతితో సహా. ఒక పళ్ళెం వచ్చి మామ భుజానికి తగిలింది. ఎవరు విసిరారో నేను చూశాను, పేరు రాయను. అతని తమ్ముడు నాలుగో గల్లీలో ఉండేవాడు.

వామనరావు బల్ల ఎక్కాడు. "నేను చెప్పింది ఇదే. మీ కళ్ళతో చూశారు. ప్రమాదకరమైన కొక్కేలు బాధ్యత లేనివాళ్ళ చేతుల్లో ఉండకూడదు" అన్నాడు. జనం అవునన్నారు. ఆయన ఏదో ఒకటి చెయ్యమన్న సంగతి మామ చెప్పబోతే, "కాగితం చూపించు" అన్నాడు. లేని కాగితం ఎవరు చూపిస్తారు? మామను పాత మందుగుండు గదిలో పెట్టి తాళం వేశారు. ఎండలు తగ్గాక విచారణ అట. ఆ గదికి కిటికీ లేదు. పోతూ పోతూ నా చేతికి తన అద్దాల పెట్టె ఇచ్చాడు. అందులో అద్దాలు లేవు, సగం కండె నల్లదారం ఉంది.

జాడ గదికి రెండు రోజులు ముందే సీలు వేశారు. అంటే ఈ క్షణం నుంచి గింజను ఎవరూ చూడడం లేదు. బదులు మార్చే కొక్కెం మాత్రం ఆఫీసుకు చేరింది.

సీలు వేశాక వామనరావు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆఫీసులో ఆ కొక్కెం నడిపే మనిషి కావాలి. తప్పంతా ఓదెలుదేనని సంతకం పెట్టు. నీ వయసును బట్టి వదిలేస్తాం."

"అది మీ దగ్గర కూడా ఉండకూడదు సార్."

"చేతిలోంచి పోయాక ఎవరైనా అదే అంటారు."

ఆ మాట గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది. నా చేతిలో ఉన్నప్పుడు నేను ఏం చేశానో ఈ పుస్తకంలోనే ఉంది. ఒక్క పూట కోపానికి పద్నాలుగు మంది చావు మీద పేరు మార్చాను. నా కోపం న్యాయమైనదే. ఆయన వరండాలో రెండు ముక్కులున్న మాట నిజమే. అయినా మార్చాను. మంచివాళ్ళ చేతిలో ఉంటే ఏమీ కాదని మా నాన్న కరపత్రాల్లో సగం చెబుతాయి. మామ కన్నా మంచివాణ్ణి నేను చూడలేదు. పిల్ల పడుకుంటుందని జోకొట్టాడు.

సంతకం పెట్టలేదు.

118వ రోజు, మొదటి షిఫ్టు

పొద్దున్నే గట్టవ్వ మా ఇంటికి వచ్చింది. చేతిలో మూకుడు, కొంగులో మూట. నేను లేచి నిలబడ్డాను.

"ఓదెలును నేను మాఫ్ చెయ్య" అంది. "నిన్ను సుత చెయ్య. గది చెప్పనీకి రాలే, అయినా చెప్తున్న. ఇను. నిన్న మాపు రెండో గల్లీల మా అక్క ఇంట్ల పోపు పెట్టిన. ముక్కు కిందనే పొయ్యి. నాకు దగ్గొచ్చింది, మా అక్కకు దగ్గొచ్చింది, పక్కింటోల్లు తిట్టిన్రు. ముక్కు ఏడ్వలే."

"ఏడ్వలేదా?"

"ఉలుకు లేదు, పలుకు లేదు. ఎవలు జోకొట్టిన్రు?"

నాకు తెలియదు. మొన్న నేను జాబితా అడిగినప్పుడు రెండో గల్లీ ముక్కు మీద ఏ కొక్కెమూ లేదు. ఇప్పుడు అడగడానికి జాడ గది లేదు. ముక్కు పాడై ఉండొచ్చు. అక్కడ ఫ్యాను సరిగా తిరగక సైరన్ గోల ఎందుకని ఆఫీసువాళ్ళే జోకొట్టి ఉండొచ్చు. ఆ గల్లీలో నూట ఇరవై మంది ఉన్నారు. దాని వెనక గోడ కూడా పాత ఖాళీలకే ఆనుకుని ఉంది. ఆఫీసుకు పోయి అడిగాను. "అంతా బాగానే ఉంది, గింజ చెబుతోంది కదా" అన్నాడు గుమాస్తా.

గింజ చెబుతోంది. పద్నాలుగు మంది పోయిన మధ్యాహ్నం కూడా గింజ అదే చెప్పింది.

తిరిగి వచ్చేసరికి గట్టవ్వ మూట విప్పి కూర్చుంది. ఎండు మిరపకాయలు.

"మీ కొక్కేలు నాకు తెల్వయి. గిది తెలుసు" అంది. "గిదానికి తాళం లేదు, సీలు లేదు. పొయ్యి ముట్టియ్."

కరెంటు పొయ్యి పెట్టాను. మా గల్లీ ముక్కు కింద మూకుడు వేడెక్కింది. గుప్పెడు కాయలు వేసింది. పొగ లేచింది, కళ్ళు మండాయి. పది లెక్కపెట్టేలోపు సైరన్ మోగింది, ఫ్యాను తిరిగింది. జనం తిట్టుకుంటూ బయటికి వచ్చారు. "మళ్ళీ గట్టవ్వేనా" అన్నాడొక ముసలాయన. గట్టవ్వ మూకుడు దించింది. ఇన్ని రోజుల తర్వాత అప్పుడు ఏడ్చింది, పొగకో దేనికో.

"గీ ముక్కు మేలుకునే ఉంది" అంది.

118వ రోజు, రెండో షిఫ్టు

ఈ పుస్తకం మొదటి వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేశాను. కింద ఏముందో చదవండి. దాని పక్కన ఇది రాశాను: పద్నాలుగు మందిని చంపింది, కొత్త ముక్కు ఇవ్వకుండా నోటిమాటతో పని చెప్పిన వామనరావు, జోకొట్టి లేపని ఓదెలు, చూడకుండా దారం కోసిన నర్మద, దారం ఉంటే చాలని జాబితా అడగని జాడగాళ్ళ గొప్ప. నాలుగు పేర్లూ ఉండాలి. ఒక్కటి తీసేసినా అది జోకొట్టడమే.

నేను అడుగుతున్నది జాడ గది మాకు తిరిగి ఇమ్మని కాదు. మాట మార్చే కొక్కేన్ని గింజలోంచే పీకెయ్యాలి. ఓదెలుకు వద్దు, నాకు వద్దు, ఆఫీసుకు వద్దు, అత్యవసరానికీ వద్దు. మరమ్మతు చేసేటప్పుడు సైరన్ మోగుతుందా, మోగనీ. మెట్లెక్కుదాం, తిట్టుకుందాం, ముక్కు పాడైతే కొత్త ముక్కు పెట్టే దాకా రోజుకు పదిసార్లు ఎక్కుదాం. శైలజలాంటి పిల్లను మెట్ల మీద నలుగురం ఎత్తుకుని ఎక్కుదాం. చూసే కొక్కెం మాత్రం ఉండాలి. అది గదిలో ఇద్దరి దగ్గర కాదు, క్యాంటీన్ గోడ మీద, రొట్టెకు వరసలో నిలబడ్డ ఎవరైనా చదివేలా ఉండాలి. ఇది పోగొట్టుకున్నదాని మాట అని వామనరావు అంటాడు. అననీ. పోగొట్టుకున్న తర్వాతే తెలిసింది.

ఈ పేజీలన్నీ పన్నెండు ప్రతులు రాశాను. గల్లీకొకటి అంటిస్తున్నాను. మందుగుండు గది తలుపు కింది నుంచి ఒకటి లోపలికి తోశాను. లోపల కాగితం కదిలిన చప్పుడు వినిపించింది. 

నా చేతికి నల్లదారం కట్టుకున్నాను. ఈసారి ఏ కొక్కెమూ వెయ్యలేదు. ఊరంతా ఇంకా జోలలోనే ఉంది కాబట్టి కట్టుకున్నాను. దీన్ని ఎవరూ ముట్టకండి.

రేపు 119వ రోజు. పొద్దున ఆరు గంటలకు, జాడ గదిని మూస్తామని ఉత్తర్వులో రాసిన ఆ సైరన్ మోగగానే, రెండో గల్లీ మొగదలకు రండి. ఇంటికో గుప్పెడు ఎండు మిరపకాయలు, ఒక మూకుడు తెండి. నిప్పు వద్దు, కరెంటు పొయ్యిలు గట్టవ్వ క్యాంటీన్ నుంచి తెస్తుంది. రెండో గల్లీతో మొదలుపెట్టి లోబాయిలో ఒక్క ముక్కు కూడా వదలకుండా పోపు పెడదాం. చివరి మూకుడు సూపరింటెండెంట్ వరండాలో. ఏడ్చిన ముక్కును ఏడవనిద్దాం. ఏడవని ముక్కు ఉన్న గల్లీవాళ్ళు చాపలు చుట్టి, పిల్లలను ఎత్తుకుని, అప్పటికప్పుడే బయటికి వచ్చెయ్యండి. రెండో గల్లీవాళ్ళు మాత్రం ఈ రాత్రి నేల మీద పడుకోకండి.

ఆరు గంటలకు.